సరుకు విషయం

కోటవీధిలో మా ఆఫీసు కిటికీకి
పొద్దున్న ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి
బొగ్గు పొడి తుడుస్తాను.
రేవు ఎక్కడికీ పోదు కనుక
పొడి మళ్ళీ వస్తుంది.
ఈ పనికి జీతం లేదు, అలవాటుంది.

ఇవాళ ఇంకో తుడుపు పని చెప్పారు పెదబాబుగారు:
"కనకరత్నం, ఆ బ్యాకప్ డబ్బాలో చోటు లేదంట.
పాత మెయిళ్ళన్నీ తీసి పారెయ్."

డబ్బా అంటే అరచేతంత హార్డ్ డిస్కు.
ఉప్పుగాలికి దాని మూతి తుప్పు పట్టింది.
తీగ గుచ్చి, కొంచెం ఎడమకి వంచి,
కింద అగ్గిపెట్టె ఆనిస్తే తప్ప
కళ్ళు తెరవదు.
మూడోసారికి తెరిచింది.

ఆ మెయిల్ ప్రోగ్రాం ఎప్పుడో మార్చేశాం.
పోతూ పోతూ
ముంతా చెంబూ ఇక్కడే వదిలేసి పోయింది:
ఉత్తరం పోయి మిగిలిన బిల్లులు,
ఒకే లంగరు రసీదుకి ఏడు కాపీలు,
పాతది, పాతది రెండు, నిజంగా పాతది,
ముట్టుకోవద్దు అని నేనే పేరు పెట్టిన ఫోల్డరు.
ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం రాసుకోలేదు.

మైలపల్లి ఎర్రన్నవే రెండువేల పైచిలుకు.
టాలీ గుమస్తా. బెర్తు మీద నిలబడి ఫోన్లో కొట్టేవాడు.
లోపల ఏమున్నా పైన శీర్షిక ఒక్కటే.
సరుకు విషయం: క్రేను ఆగింది సార్.
సరుకు విషయం: వాన. ఓడ మూతలు వేసేశారు.
సరుకు విషయం: రేపు రాను సార్, మాకు పాప పుట్టింది,
రెండు కేజీల ఎనిమిది వందలు.
దాని కింద పెదబాబుగారి జవాబు:
తూకం చీటీ జత చేయలేదు.
అది వేళాకోళమో, చూసుకోకుండా కొట్టిందో
ఇప్పటికీ ఆయన్ని అడగలేదు.

రెండువేల పద్నాలుగు అక్టోబరు.
పదకొండో తారీకు రాత్రి దాకా ఉన్నాయి.
ఆ తర్వాత పన్నెండు రోజులు ఏమీ లేదు.
కరెంటు లేదు, టవరు లేదు,
కైలాసగిరి మీద ఆకు లేదు.
ప్రతి ఫైలు పక్కనా సైజు చూపించే యంత్రం
ఆ సందుకి ఏమీ చూపించలేదు.
అక్కడ నొక్కడానికి కూడా ఏమీ లేదు.

ఎర్రన్నకి ఫోన్ చేశాను.
ఫిషింగ్ హార్బర్లో ఐసు బళ్ళు చూసుకుంటున్నాడు.
"నీ మెయిళ్ళు తీసేస్తున్నాను ఎర్రన్నా."
"ఏటి మెయిల్సమ్మా? అయ్యింకా ఉన్నాయేటి?"
"పాప పుట్టినప్పటిది కూడా ఉంది."
కాసేపు ఐసు మర ఒక్కటే మాట్లాడింది.
"దానికిప్పుడు పదమూడేళ్ళు. నా మాట ఇనదు.
తీసెయ్యండమ్మా.
సేపలొచ్చాక నీళ్ళు కూడా మూట కట్టుకుంటామేటి?"

ఖాయంగా తీసెయ్యమంటారా, అడిగింది కంప్యూటరు.
అడగడం దాని డ్యూటీ.
నొక్కాను.
ఆకుపచ్చ గీత మెల్లగా పాకింది,
ఎక్కడా తడబడలేదు.

ఇంకొక్క ఫోల్డరు మిగిలింది: పంపనివి.
అన్నీ నావే. పదిహేడు.
ఒక్క మధ్యాహ్నం రాసిన ఒక్క ఉత్తరాన్ని
పదేసి నిమిషాలకోసారి
అడక్కుండానే దాచి పెట్టిందది.
అయ్యా, ఇంటి పరిస్థితుల దృష్ట్యా.
అయ్యా, నా ఆరోగ్యం దృష్ట్యా.
అయ్యా, నాకు.
చివరిదాంట్లో అయ్యా ఒక్కటే ఉంది,
పక్కన కామా.
ఆ రోజు ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది,
ఇక్కడ రాయను.

తొమ్మిదోది పూర్తి ఉత్తరం.
తేదీ ఉంది, కింద పేరుంది.
రాజినామా అని ఉంది.
'జి'కి దీర్ఘం పెట్టాను.
సేవ్ చేశాను.
అప్పుడు తీసేశాను.

"అయిందా?" లోపల్నుంచి పెదబాబుగారు.
"అయింది సార్. అరవై ఒక్క జీబీ ఖాళీ."
"మంచిది. ఆ అలుమినా ఫైల్ పట్రా."

డబ్బాని పాల కవర్లో చుట్టబోతే
నల్లటి దాని వీపు మీద పొడిలో
నా వేళ్ళు అయిదూ అచ్చయి ఉన్నాయి.
గుడ్డేమో కిటికీ దగ్గరుంది.
అలాగే చుట్టి బీరువాలో పెట్టాను,
అగ్గిపెట్టె కూడా దానితోనే.
మళ్ళీ ఎప్పుడైనా తెరవాల్సొస్తే
వెతుక్కోకుండా.